డబ్బా ఖాళీ అయిందా?
(ఉపకార వేతనాల పంపిణీ సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని ప్రసంగ పాఠం)

మార్కుల గురించి మిగతా పెద్దలు చెబుతారు. నేను డబ్బా గురించి చెబుతాను.

షోలాపూర్‌లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. మగ్గాల మీద, బీడీల మీద బతికే మన ఇళ్ల పిల్లలే ఎక్కువ. ఏటా ఆరోగ్య తనిఖీ నాడు తూకం దగ్గర నేనే నిలబడేదాన్ని. తరగతి అంతా వింటుండగా అంకె పైకి చదివేదాన్ని, ఇంకొకరు రాసుకునేవారు. పని త్వరగా అవుతుందని అంతే. ఒక ఏడాది ఏడో తరగతి అమ్మాయి బరువు చదవగానే వెనుక వరుస నవ్వింది. "నిశ్శబ్దం" అన్నాను గాని ఆ పిల్ల మొహం చూడలేదు. రెండు వారాలకు ప్రార్థనలో కళ్లు తిరిగి పడిపోయింది. డబ్బాలోని భాకరీ రోజూ స్నేహితురాలికి ఇచ్చేస్తోందట. "బాయీ, తెల్లవారకముందే లేచి చేసిపెడుతున్నా, తినడం లేదని నాకెట్లా తెలుస్తుంది?" అని వాళ్లమ్మ అడిగింది. (మా ఊళ్లో టీచరమ్మను బాయి అంటారు.) నా దగ్గర జవాబు లేదు.

మరుసటి ఏడు తూకాన్ని దుప్పటి అడ్డం కట్టి దాని వెనక పెట్టాం. షోలాపూర్‌లో దుప్పట్లకు కరువా! అంకె రాసిన కాగితం మడిచి ఇంటికి పంపాం.

తల్లులారా, ఈ వయసులో ఆడపిల్లలకు కాస్త ఒళ్లు రావడం ఎదుగుదలలో భాగమే. పెద్దల బీఎంఐ లెక్క పిల్లలకు పనికిరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో 5 నుంచి 19 ఏళ్ల వారికి వేరే పట్టికలే ఇచ్చింది. లావుగా కనిపించే బిడ్డకు కూడా రక్తహీనత ఉండవచ్చు. బడిలో వారానికొకటి ఇచ్చే ఐరన్ మాత్ర ఖాళీ కడుపున వేసుకుంటే వికారం పుడుతుంది, పిల్లలు పారేస్తారు. అన్నం తిన్నాక వేయించండి. వెంటనే చాయ్ మాత్రం ఇవ్వకండి.

ఇంకో సంగతి. పక్క పిల్ల నూడుల్స్ తెస్తే మన పిల్లలు జొన్న భాకరీ, శేంగా చట్నీ మూత చాటున దాచుకుని తింటారు. ఆ జొన్నలతో సహా చిరుధాన్యాలకే 2023ను అంతర్జాతీయ సంవత్సరంగా జరిపారు, ఈ మాట పిల్లలకు చెప్పండి. రంగు సంగతీ అంతే. ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము పేరు 2020లో మారింది. మన ఇళ్లలో "నల్లపిల్ల" అనే పిలుపు ఇంకా మారలేదు.

ఈ ఏడు తనిఖీకి ముందే మీ బడిలో తూకం ఎక్కడ పెడతారో అడిగి రండి. దుప్పటి కావాలంటే మా ఇంట్లో ఉంది.