రెండు భాషల పంతులుగారు
(ఫ్రీమాంట్ తెలుగు సాంస్కృతికోత్సవంలో చేసిన ప్రసంగం)



నాది సాయంత్రపు తరగతుల తెలుగు. మా తాతగారు విశాఖపట్నం జిల్లా నుంచి మదరాసులో ఓడ ఎక్కి గిర్మిట్ కూలీగా ఫిజీ వెళ్ళారు. ఆయన తరువాత నాది మూడవ తరం. పగలు బడిలో ఇంగ్లీషులో పాఠాలు చెప్పి, సాయంత్రం నేనే అక్షరాలు దిద్దుకునేవారిలో చేరాను. పాండిత్యం సంగతి పండితులకు వదిలిపెట్టి, రెండు భాషలతో బతికిన ఒక పంతులుగారి గురించి నాలుగు మాటలు చెబుతాను. ఆయన గురజాడ అప్పారావు గారు.

ఆయన 1862 సెప్టెంబరు 21న పుట్టారు. విజయనగరంలో చదువుకున్నారు. గిడుగు రామమూర్తి గారు ఆయనకు సహాధ్యాయి. 1884లో అక్కడి మహారాజావారి హైస్కూలులో ఉపాధ్యాయులయ్యారు. 1887లో కళాశాలలో అధ్యాపకులయ్యారు. కవిగా ఆయన మొదట పేరు తెచ్చుకున్నది ఇంగ్లీషులో. 1883లో 'సారంగధర' అనే ఇంగ్లీషు కావ్యం అచ్చయింది. దాన్ని మెచ్చుకున్న కలకత్తా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ, నీ సొంత భాషలో రాయవయ్యా అని ప్రోత్సహించారు. ఒక బెంగాలీ పెద్దమనిషి ఇంగ్లీషు పద్యం చదివి, ఒక తెలుగువాణ్ణి తెలుగు వైపు నడిపించాడన్నమాట! ఇంగ్లీషు వస్తే తెలుగు పోతుందని భయపడే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1892లో 'కన్యాశుల్కం' ప్రదర్శించారు; 1897లో అచ్చయింది. ఆ రోజుల్లో ఆడపిల్లలను డబ్బుకు ముసలివాళ్ళకు కట్టబెట్టేవారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో అలాంటి పెళ్ళిళ్ళు 1034 లెక్కకు వచ్చాయని ఆయనే ఇంగ్లీషు పీఠికలో రాశారు. జనం మారాలంటే జనానికి అర్థమయ్యే మాటలోనే చెప్పాలని వాడుక భాష ఎంచుకున్నారు. అందులో గిరీశాన్ని చూడండి. వెంకటేశానికి చదువు చెబుతానంటూ అగ్రహారంలో దిగుతాడు. నోరు తెరిస్తే ఇంగ్లీషు. చదువు మాత్రం సున్న. ఇంగ్లీషు బాగా వచ్చిన పంతులుగారు కనుకనే, ఇంగ్లీషు పేరు చెప్పుకుని బతికేవాణ్ణి అంత చక్కగా పట్టుకోగలిగారు. భాష మీద ఆయనకు కోపం లేదు, డాబు మీదే కోపం.

1910లో 'ముత్యాల సరాలు' వచ్చాయి. పాడుకోవడానికి వీలైన ఆ నడకలో మామూలు మాటలు ఒదిగిపోయాయి. ఆ రోజుల్లోనే, బడిపిల్లలు ఏ తెలుగులో రాయాలన్న వివాదం ముదిరింది. గ్రాంథికమే ఉండాలని పండితులు పట్టుపట్టారు. మదరాసు విశ్వవిద్యాలయంలో ఈ వాదం ఓడిపోతున్నా గురజాడ వారు వెనక్కి తగ్గక, 1914లో తన అసమ్మతిని ఒక పుస్తకమంత రాసి ఇచ్చారు. అది కూడా ఇంగ్లీషులోనే! తెలుగు పిల్లవాడి నోటి మాట కోసం దొరలకు అర్థమయ్యే భాషలో వాదించారు. మరుసటి ఏడు, 1915 నవంబరు 30న, 53 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. గెలుపు చూడలేదు. ఈనాడు మన పత్రికలూ కథలూ నడిచేది ఆయన చూపిన దారినే.

ఇది పాత తగవు అనుకోకండి. మా తరగతిలో ఒక చిన్నపిల్ల 'ఏమిటి' అనడానికి బదులు 'ఏటి' అంది. తోటి పిల్లలు నవ్వారు. మూడు వారాల పాటు ఆ పిల్ల తరగతిలో నోరు విప్పలేదు. 'ఏటి' అనేది మా తాతగారి మాట. పుస్తకంలో 'బాలుడు' ఉంటే ఆయన నోట 'గుంటడు' వచ్చేది. ఫిజీలో చెరుకు తోటల మధ్య మా వాళ్ళు నిలబెట్టుకున్నది ఆ తెలుగునే. దాన్ని చూసి నవ్వితే నవ్వింది ఒక పిల్లను కాదు, ఒక ఇంటిని.

మన ఫ్రీమాంట్ 1956లో అయిదు ఊళ్ళు కలిసి ఏర్పడిన పట్టణం. కలిసినంత మాత్రాన నైల్స్ తన పేరు వదులుకోలేదు, ఇర్వింగ్టనూ వదులుకోలేదు. మన తరగతి కూడా అలాగే ఉండాలి. శ్రీకాకుళం, గుంటూరు, కడప, వరంగల్లు, అన్ని యాసలూ ఒకే బల్ల మీద కూర్చోవాలి. పిల్ల ముందు ఇంటి మాట మాట్లాడనివ్వండి. రాయడానికి కావలసిన తెలుగు తరువాత నేర్పవచ్చు. మాట్లాడే ధైర్యం పోయిన పిల్లకు మాత్రం ఏ వ్యాకరణమూ పనికిరాదు.

పిల్లలూ, మీకు రెండు భాషలు రావడం బరువు కాదు, గురజాడ వారికి అదే బలం అయింది. తల్లిదండ్రులారా, ఈ వారం భోజనాల దగ్గర మీ ఊరి మాట ఒక్కటి, దిద్దకుండా, మీ పిల్లలకు చెప్పండి. వచ్చే శుక్రవారం తరగతిలో ఆ మాటలన్నీ బోర్డు మీద రాద్దాం. నా వంతు మాట 'గుంటడు'.