ఎండ పెట్టె కడదాం రండి
(బెంగళూరులో తెలుగు యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మీతో ఒక పెట్టె గురించి మాట్లాడతాను. కొంచెం చెక్క, ఒక అద్దం, నల్లరంగు వేసిన రేకు, దోమతెర ఉంటే చాలు. కరెంటు కనెక్షన్ అక్కర్లేదు. పెరట్లోనో మేడమీదో కాసిన కూరగాయల్ని ఎండబెట్టి నెలల తరబడి దాచుకోవచ్చు. న్యాయం గురించి మాట్లాడుకునే చోట కూరగాయలు ఎండబెట్టే సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. అందుకే టమాటతో మొదలుపెడతాను.

కోలారు, చింతామణి, మదనపల్లె వైపు నుంచి బెంగళూరుకు టమాట వస్తుంది. అక్కడ పండించేవాళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. 2023 జులైలో కోలారు మార్కెట్లో 15 కిలోల పెట్టె ధర రెండు వేల రూపాయలు దాటింది. సెప్టెంబరు వచ్చేసరికి కిలో పది రూపాయల లోపుకు పడిపోయింది. కర్నూలు జిల్లా పత్తికొండలో రైతులు పంటను రోడ్డు మీద పారబోశారు.

అదే నేల, అదే రైతు, అదే పండు. సరుకు ఎక్కువైంది, ధర పడింది అంటాం. నిజమే. కానీ బియ్యం ధర పడితే వ్యాపారి బస్తాలు గోడౌన్‌లో పెట్టి ఆగుతాడు. టమాట రైతు ఆగలేడు. పండిన పండు కొద్ది రోజుల్లోనే మెత్తబడుతుంది. ఆ సంగతి కొనేవాడికి బాగా తెలుసు. రాత్రి ఎనిమిది దాటాక తోపుడు బండి అక్కతో మనం చేసే బేరం కూడా ఇదే. మిగిలింది రేపటికి పనికిరాదని ఆమెకు తెలుసు, మనకూ తెలుసు. ఎవరు ఆగగలరో బేరంలో పైచేయి వాళ్లదే. పేదవాడికి లేనిది ఆ ఆగగలిగే శక్తి.

కుళ్లిన కూరగాయలు ఎక్కడికి పోతాయో కూడా చూడాలి. ఈ నగరంలో చెత్త ఎత్తే పౌరకార్మికుల్లో ఎక్కువమంది దళితులు, వాళ్లలో తెలుగు మాట్లాడే అక్కాచెల్లెళ్లు ఎందరో. నగరం చెత్తను మోసిన మండూరు గ్రామస్తులు 2014లో ఇక చాలని రోడ్డెక్కారు. మనం పారేసింది ఎవరో ఒకరి చేతిమీదుగా, ఎవరో ఒకరి ఊరికి పోతుంది. ఐదు వేలమందికి భోజనం పెట్టాక, మిగిలిన ముక్కలు వ్యర్థం కాకుండా పోగుచేయమని ప్రభువు శిష్యులతో చెప్పారు. అద్భుతం చేయగలిగినవారే మిగిలిన ముక్కల్ని లెక్కచేశారు.

ఎండబెట్టడం మనకు కొత్త కాదు. వంకాయ వరుగులు, గోరుచిక్కుడు వరుగులు, చల్ల మిరపకాయలు, మామిడి తాండ్ర అన్నీ మన అమ్మమ్మల చేతి పనే. మరి పెట్టె ఎందుకు? మేడమీద గుడ్డ పరిచి ఆరబెడితే దుమ్ము, ఈగలు, కాకులు, అకాల వాన తప్పవు. పైగా నేరుగా పడే ఎండకు ఆకుకూరల రంగు పోతుంది, విటమిన్ ఎ కూడా తగ్గుతుంది.

పెట్టెలో జరిగేది చాలా సులువైన సంగతి. మన ఊళ్లో గాలి 25 డిగ్రీల వేడిలో, 70 శాతం తేమతో ఉందనుకోండి. అదే గాలిని 50 డిగ్రీలకు వేడిచేస్తే దాని తేమ శాతం 18కి దిగుతుంది. గాలిలో నీరు తగ్గలేదు, గాలికి దాహం పెరిగింది. ఆ దాహం వేసిన గాలి కూరగాయ ముక్కల మీదుగా పోతూ వాటి నీటిని తాగేస్తుంది. వేడిగాలి తేలిక కాబట్టి తనంతట తానే పైకి పోతుంది, కింద నుంచి కొత్త గాలి వస్తుంది.

ఇక కట్టే పద్ధతి. రెండు భాగాలు.

మొదటిది గాలిని వేడిచేసే పెట్టె. 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 5 అంగుళాల లోతు. అడుగున వరి ఊకో కొబ్బరి పీచో పరిచి, దానిమీద మెరుపు లేని నల్లరంగు వేసిన రేకు బిగించండి. పైన అద్దం. పాత కిటికీ అద్దాలు గుజిరీ దుకాణంలో దొరుకుతాయి. రేకుకీ అద్దానికీ మధ్య గాలి పోవడానికి చోటు ఉంచండి. పెట్టెను దక్షిణం వైపు వాల్చి, పై చివర కింది చివర కంటే 2 అడుగులు ఎత్తులో ఉండేలా నిలబెట్టండి. కింది చివర తెరిచి దోమతెర కొట్టండి.

రెండోది ఆరబెట్టే బీరువా. 2 అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగు లోతు, 3 అడుగుల ఎత్తు. మొదటి పెట్టె పై చివర దీని అడుగు భాగంలోకి తెరుచుకోవాలి. లోపల నాలుగు జల్లెడ పళ్లాలు, వెనక తలుపు, పైన గాలి పోయే గొట్టం. గొట్టానికీ దోమతెర, వాన పడకుండా చిన్న టోపీ. పళ్లాలకు స్టీలు జల్లెడ గాని వెదురు తడిక గాని వాడండి. జింకు పూత ఉన్న ఇనుప జల్లెడ వద్దు, టమాట పులుపు ఆ జింకును లాగేస్తుంది. రంగు వాసన పోయేదాకా రెండు మూడు రోజులు ఖాళీగానే ఎండలో ఉంచండి.

గాలి మందంగా ఉంటే పాత కంప్యూటర్‌లోని 12 వోల్టుల ఫ్యాన్ పెట్టి, 10 వాట్ల సోలార్ పలకకు కలపండి. వోల్టేజి 12 దాటకుండా మధ్యలో చిన్న రెగ్యులేటర్ ఉండాలి. బ్యాటరీ అక్కర్లేదు. ఎండ ఉంటే తిరుగుతుంది, లేకపోతే ఆగుతుంది.

ఎంత ఎండుతుంది? బెంగళూరులో మంచి ఎండరోజున ఈ కొలత పెట్టె సుమారు 2 కిలోల నీటిని తీయగలదు. టమాటలో 94 శాతం నీరే. అంటే 5 కిలోల టమాటకు రెండు రోజులు దాటి మూడో రోజు కూడా కొంత పడుతుంది. చివరికి మిగిలేది 300 గ్రాముల పైచిలుకు.

ముక్కలు పావు అంగుళం మందం ఉంటే చాలు. వేడి 50 నుంచి 60 డిగ్రీల మధ్య ఉండాలి. ఎక్కువైతే పైన పెంకు కట్టి లోపల తడి మిగులుతుంది. సాయంత్రం గాలి దారులు మూసేయండి, లేకపోతే రాత్రి చెమ్మ తిరిగి ఎక్కుతుంది. టమాట ముక్క తోలులా వంగాలి, పిండితే చెమ్మ రాకూడదు. మునగాకు, కరివేపాకు చేతిలో నలిపితే పొడి కావాలి. చల్లారాక గాజు సీసాలో వేసి వారం రోజులు రోజూ కదిలించి చూడండి. గాజుకు ఆవిరి పడితే మళ్లీ ఎండబెట్టండి. బూజు కనబడితే ఆ సీసా మొత్తం పారేయండి, బూజు ముక్క తీసేసి మిగతాది తినొద్దు.

ఈ ఒక్క పెట్టెతో మదనపల్లె రైతు కష్టం తీరుతుందా? తీరదు. కోలారు పెట్టె ఒక్కటి 15 కిలోలు. మన బీరువాకు అది దాదాపు వారం పని. కానీ ఇదే సూత్రం పెద్దదైతే ఏం జరుగుతుందో చూసినవాళ్లున్నారు. హైదరాబాద్‌లోని సీడ్ సంస్థ సోలార్ డ్రైయర్ల మీద ఏళ్లుగా పనిచేస్తోంది. మహారాష్ట్రలో గ్రామీణ మహిళల చేతికి సోలార్ డ్రైయర్లు ఇచ్చి, ఎండిన కూరగాయలు కొనే ఎస్‌ఫోర్‌ఎస్ టెక్నాలజీస్‌కు 2023లో ఎర్త్‌షాట్ బహుమతి వచ్చింది. అక్కడ ఆగగలిగే శక్తి ఆ ఆడవాళ్ల చేతికొచ్చింది. శీతల గిడ్డంగులు, ఎండబెట్టే కేంద్రాలు పంట పండే ఊళ్లలోనే పెట్టాలని ప్రభుత్వాన్ని అడగడం మన బాధ్యత. మన చేతులతో ఒకటి కట్టి చూస్తే ఏం అడగాలో కూడా తెలుస్తుంది.

అందుకే ఒక మాట అడుగుతాను. మీ గుడి మేడమీద నలుగురు కలిసి ఒక్క పెట్టె కట్టండి. ఫిబ్రవరి నుంచి మే వరకు ఎండ మనదే. ధర పడిన వారం తోపుడు బండి అక్క దగ్గర మిగిలిన టమాట బేరమాడకుండా కొనండి. ఎండబెట్టాక సగం ఆమెకే ఇవ్వండి, ఆ పెట్టె వాడుకోవడం ఆమెకూ నేర్పండి. అమ్మే ఆలోచన ఉంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ నమోదు ముందే చేయించండి. కూరగాయ కుళ్లుతుందన్న భయంతో ఆమె చేసే బేరం ఒక్క రాత్రయినా తప్పితే, ఆ పెట్టెకు పెట్టిన శ్రమ దక్కినట్టే.