రెండో గోలీ కలిసినప్పుడు

ఫిట్స్‌కు రెండు మందులు కలిపి వాడితే ఏమవుతుందని చాలామంది అడుగుతుంటారు. కలపడమే తప్పని అనుకోవద్దు, ఒక మందుకు లొంగని మూర్ఛకు రెండోది కావాల్సిందే. కానీ రెండు వేస్తే రెట్టింపు గుణం ఉంటుందన్న లెక్క మాత్రం కుదరదు. 2000లో స్కాట్లండ్‌లోని గ్లాస్గో నుంచి క్వాన్, బ్రోడీ అనే డాక్టర్లు 470 మంది రోగుల వివరాలు ప్రచురించారు. మొదటి మందుతోనే 47 శాతం మందికి ఫిట్స్ ఆగాయి. రెండు మందులు ఒకేసారి వాడి బాగుపడింది 3 శాతమే.

మరి ప్రమాదం ఎక్కడుంది? చాలా మందుల్ని ఒంట్లోంచి సాగనంపేది కాలేయం. దాన్ని చెరువు తూము అనుకోండి. వాల్ప్రోయేట్ అనే ఫిట్స్ మందు ఆ తూమును సగం మూస్తుంది. అప్పుడు పక్కనున్న లామోట్రిజిన్ అనే ఇంకో ఫిట్స్ మందు మత్తడి దాకా నిండుతుంది. మామూలుగా సుమారు ఒక రోజులో సగానికి తగ్గాల్సిన ఆ మందుకు రెండు రోజులు దాటినా చాలదు. అందుకే వాల్ప్రోయేట్ వాడే పెద్దవాళ్లకు లామోట్రిజిన్‌ను మొదటి రెండు వారాలు 25 మిల్లీగ్రాములు, అదీ రోజు విడిచి రోజు ఇస్తాం. "ఇంత చిన్న గోలీనా డాక్టర్ సాబ్" అంటారు. తొందరపడి పెంచితే ఒళ్లంతా దద్దులు, నోట్లో పుండ్లు, చివరికి చర్మం ఊడిపోవడం. దాన్నే స్టీవెన్స్ జాన్సన్ అంటాం, ప్రాణం మీదికి తెస్తుంది.

కార్బమజెపీన్, ఫెనిటాయిన్ అనే ఫిట్స్ మందులు తూమును బార్లా తెరుస్తాయి. పక్క మందు వేసుకున్నా నిలవదు, గర్భనిరోధక మాత్రలు కూడా పనిచేయకపోవచ్చు. ఇంకో మెలిక ఉంది. వాల్ప్రోయేట్ మానేస్తే లామోట్రిజిన్ అడుగంటి ఫిట్స్ తిరగబెట్టొచ్చు. కలపడంలోనే కాదు, తీసేయడంలోనూ ప్రమాదం ఉందన్నమాట. వాల్ప్రోయేట్‌కు గార్డినాల్ తోడైతే మనిషి మగతలోనే ఉంటాడు. టోపిరమేట్ తోడైతే ఒక్కోసారి రక్తంలో అమ్మోనియా పెరిగి ఏదేదో మాట్లాడతాడు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు.

డాక్టరు ఆలోచించి కలిపిన జోడీ కన్నా ఎవరూ కలపకుండానే కలిసిపోయిన జోడీ నన్ను ఎక్కువ భయపెడుతుంది. హన్మకొండలో ఒక చీటీ, హైదరాబాద్‌లో ఒక చీటీ, నడుమ ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన పొట్లం. ఒకదాంట్లో ఎన్‌కోరేట్, ఇంకోదాంట్లో వాల్పరిన్. రెండూ వాల్ప్రోయేటే! పేర్లు వేరు కాబట్టి రెండూ మింగుతారు. టీబీ మందులు వాడేవాళ్లు మరీ జాగ్రత్త. వాటిలో రిఫాంపిసిన్ లామోట్రిజిన్‌ను పలచబరుస్తుంది, ఐసోనియాజిడ్ ఫెనిటాయిన్‌ను పెంచుతుంది.

కొత్త గోలీ మొదలైన తొలి రెండు నెలల్లో దద్దు, జ్వరం, నోటిపూత, కళ్లెర్రదనం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే వరంగల్ ఎంజీఎంకో, జిల్లా ఆసుపత్రికో వెళ్లండి. అలాంటి లక్షణమేదీ లేకుండా మీ అంతట మీరు ఏ గోలీనీ ఉన్నట్టుండి మానకండి, ఫిట్స్ ఆగకుండా వచ్చే ముప్పుంది.

గోలీల కవరు వెంట తెచ్చుకున్నవాళ్లు ఇటు రండి, ఏది ఏదో కలిసి చూద్దాం.