మిద్దె మీద సోలార్, మగ్గం మీద గరగర
(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఐదుగురం. ఇద్దరం ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లం, ఇద్దరం వైర్‌మన్లం, ఒకరు ఇప్పటికీ సాంచా నడిపిస్తున్నారు. అందరం సోలాపూర్ తూర్పు భాగంలో నేత ఇళ్లలో పుట్టినవాళ్లమే. మాట్లాడేది ఒక్కరైనా మాట మాత్రం ఐదుగురిదీ. అందుకే మేము మేము అంటుంటాం, ఏమనుకోవద్దు.

సభ్యులందరికీ కలిపి సోలార్ సెట్లు కొనాలన్న ప్రతిపాదన ఈ మధ్యాహ్నం మీ ముందుకు వస్తుంది. ప్యానెళ్లు, ఇన్వర్టరు, కండెలు చుట్టే మోటారు, లైట్లు, ఫ్యాను. మంచి ఆలోచనే, మేమూ చేయెత్తుతాం. ధర గురించి, బ్యాంకు లోను గురించి, సబ్సిడీ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మేము చెప్పదల్చుకున్నది ఎవరూ అడగని ఒక పరీక్ష గురించి. దాన్ని పుస్తకాల్లో విద్యుదయస్కాంత అంతరాయం అంటారు. ఇంగ్లీషులో ఈఎంఐ. బ్యాంకు కిస్తీకీ అదే పేరు కాబట్టి కంగారు పడకండి! మన మాటల్లో చెప్పాలంటే గరగర.

ఈ గరగర ఎక్కడ పుడుతుంది? ప్యానెల్ ఇచ్చేది డీసీ కరెంటు. అది నిశ్శబ్దంగానే వస్తుంది. దాన్ని ఏసీ చేయడానికి ఇన్వర్టరు లోపలి స్విచ్చులు ఆ కరెంటును సెకనుకు వేల సార్లు కోస్తాయి. చాలా ఇన్వర్టర్లలో ఇరవై వేల సార్ల దాకా, కొన్నింట్లో అంతకంటే ఎక్కువ. అంత వేగంగా కోస్తే అంచులు పదునుగా ఉంటాయి. ఆ పదును వల్ల అసలు వేగానికి రెట్లు, రెట్లకు రెట్లు పుట్టి మెగాహెర్ట్జుల దాకా పోతాయి. అవి వైర్ల గుండా పాకుతాయి, గాలిలోకీ పోతాయి. మిద్దె మీది నుంచి కార్ఖానా దాకా దిగే వైరు ఏరియల్ పని చేస్తుంది. ప్యానెల్ ఫ్రేముకూ భూమికీ మధ్య కూడా కంటికి కనపడని ఒక దారి ఉంటుంది. ప్యానెల్ తడిస్తే ఆ దారి ఇంకా వెడల్పవుతుంది. ఎండాకాలంలో బాగానే ఉన్న సెట్టు మృగశిర కార్తెలో ఎందుకు సతాయిస్తోంది అని అడిగేవాళ్లకు ఇదొక కారణం.

రేడియోలో గరగర వస్తే నేసే పనికి ఏం నష్టం అంటారేమో. ఒక ఇంటి సంగతి చెబుతాం. వాళ్లది ఎలక్ట్రానిక్ జకార్డు. సోలార్ పెట్టించుకున్న నెల నుంచి ఒక వింత మొదలైంది. పొద్దున పది దాకా పువ్వు సరిగ్గా పడుతుంది. పదకొండు దాటితే చెదురుతుంది. మూడు దాటాక మళ్లీ బుద్ధిగా నేస్తుంది. అమ్మినవాళ్లను పిలిస్తే నూలు బాగాలేదన్నారు. నూలు మార్చారు. తర్వాత లైను వోల్టేజీ అన్నారు. స్టెబిలైజరు కొన్నారు. చద్దర్లు మాత్రం సెకండ్స్ కిందే పోతున్నాయి, లోను కిస్తీ మాత్రం ఫస్ట్ క్వాలిటీగా కట్టాలి. ఆ కంపెనీ పేరు ఈ వేదిక మీద చెప్పడం మర్యాద కాదు, చెప్పం.

మేము వెళ్లి చూస్తే, మిద్దె నుంచి దిగే డీసీ వైర్లు, జకార్డు కంట్రోలరు సిగ్నల్ వైరు ఒకే పైపులో పన్నెండు అడుగులు కలిసి నడుస్తున్నాయి. ఎండ పెరిగినకొద్దీ ఇన్వర్టరు కోసే కరెంటు పెరుగుతోంది, గరగర పక్క వైరులోకి దూకుతోంది, జకార్డు దాన్ని ఆజ్ఞ అనుకుని తప్పుడు కొక్కెం ఎత్తుతోంది. సిగ్నల్ వైరును వేరే పైపులోంచి తిప్పాం. ఆ రోజు నుంచి పువ్వు చెదరలేదు. ఖర్చు ఎంతైందని అడగకండి, స్టెబిలైజరు పెట్టిన వైరు ముక్కంత కూడా కాలేదు.

ఇక పరీక్ష సంగతి. రేడియో వినేవాళ్ల ఇబ్బందుల కోసమే 1934లో ఒక అంతర్జాతీయ కమిటీ పుట్టింది, దాని పేరు సిస్పర్. ఇన్వర్టర్ల వంటి వాటికి వర్తించేది సిస్పర్ 11 అనే ప్రమాణం. 2015 కూర్పులో కరెంటు లైనుకు కలిపే సోలార్ ఇన్వర్టర్ల డీసీ వైపుకూ పరిమితులు చేర్చారు. దీని ప్రకారం వైర్ల గుండా పాకేదాన్ని 150 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా కొలుస్తారు. గాలిలోకి పోయేదాన్ని 30 మెగాహెర్ట్జ్ నుంచి పైకి కొలుస్తారు.

ఇందులో రెండు తరగతులున్నాయి. క్లాస్ ఏ, క్లాస్ బీ. ఏ అంటే ఫస్టు, బీ అంటే సెకండు అనుకుంటాం కదా, ఇక్కడ అది తిరగబడింది. క్లాస్ ఏ ఫ్యాక్టరీలకు, క్లాస్ బీ ఇళ్లకు. బీ కఠినం. చిన్న ఇన్వర్టరు ఏసీ వైపున, 150 కిలోహెర్ట్జ్ దగ్గర క్లాస్ బీ పరిమితి 2 మిల్లీవోల్టులు. క్లాస్ ఏ దాదాపు 9 మిల్లీవోల్టులు. అంటే నాలుగున్నర రెట్ల గరగర చేసినా ఫ్యాక్టరీలో పాసే.

అన్నలారా, ఇక్కడే ఆగి ఆలోచించండి. మన కార్ఖానా ఎక్కడుంది? ముందు గదిలో మగ్గం, వెనక గదిలో వంట. పైన పిల్లల చదువు, పక్క ఇంట్లో టీవీ. సాంచాల చప్పుడుకు చెవులు పోయి మిషను పెట్టుకున్న తాత అదే గోడకు ఆనుకుని కూర్చుంటాడు. గరగర ఆ మిషనులోకీ దూరగలదు. అమ్మేవాళ్ల కాగితంలో మనది పరిశ్రమ, క్లాస్ ఏ సరిపోతుంది. మన బతుకులో మాత్రం అది ఇల్లు. కాబట్టి మనకు కావాల్సింది క్లాస్ బీ. ఈ ఒక్క అక్షరం ఆర్డరు కాగితంలో రాయించడానికే మేము ఇంత దూరం నుంచి చెబుతున్నాం.

కొందరు పెట్టె చూపిస్తారు, ఐఎస్ నంబరుంది చూడండి అంటారు. సోలార్ ఇన్వర్టర్ల మీద మామూలుగా కనపడేవి ఐఎస్ 16221, ఐఎస్ 16169. మొదటిది షాకు, నిప్పు వంటి ప్రమాదాల భద్రత కోసం. రెండోది లైను పోయినప్పుడు ఇన్వర్టరు తనంతట తాను ఆగిపోతుందా లేదా అని చూడడానికి. రెండూ అవసరమే, కానీ గరగర లెక్క వేరే. సీఈ గుర్తు ఉందంటారు. అది తయారీదారు తనకు తాను ఇచ్చుకునే మాట. దాని వెనక ల్యాబు రిపోర్టు ఉంటే చూపించమనండి.

రిపోర్టు చేతికొస్తే ఏం చూడాలి? మోడల్ నంబరు మనం కొనేదేనా? క్లాస్ బీ అని ఉందా? డీసీ వైపు కూడా కొలిచారా, ఏసీ వైపుతో సరిపెట్టారా? లోడుగా ఏం పెట్టారు? ఇది ముఖ్యం. చాలాసార్లు బల్బుల వంటి సాదా లోడు పెట్టి కొలుస్తారు. కండెల మోటారు అలాంటిది కాదు. అందులో బ్రష్షులుంటే నిప్పురవ్వలు లేస్తాయి, అవే ఒక రేడియో స్టేషను. బ్రష్షులు లేని మోటారైతే దాని కంట్రోలరు మళ్లీ కరెంటును కోస్తుంది. ఇన్వర్టరు విడిగా పాసై, మోటారు విడిగా పాసై, రెండూ కలిస్తే ఫెయిలవ్వొచ్చు. వియ్యంకులు ఇద్దరూ మంచివాళ్లే, పెళ్లి పందిట్లో గొడవ అన్నట్టు.

ఇంకో తేడా ఎండది. ల్యాబులో సూర్యుడు ఉండడు. ప్యానెల్‌లా నటించే కరెంటు సప్లై పెట్టి కొలుస్తారు. అది ఎప్పుడూ ఒకేలా ఇస్తుంది. అసలు మిద్దె మీద మబ్బు వస్తుంది, పోతుంది. మిట్టమధ్యాహ్నమే అన్నిటికంటే ఎక్కువ గరగర ఉండాలని కూడా లేదు. కొన్ని సెట్లు తక్కువ ఎండలో కాసేపు కోసి కాసేపు ఆగి నడుస్తాయి, అప్పుడు వాటి గోల వేరే రకం. అందుకే పొద్దున ఏడున్నరకు, మధ్యాహ్నం పన్నెండున్నరకు, సాయంత్రం అయిదుకు, మూడుసార్లు కొలవమంటాం. ఇందులో చిన్న ఇబ్బందుంది. ప్రమాణం అడిగే పద్ధతిలో ప్రతి ఫ్రీక్వెన్సీ దగ్గర సెకను దాకా నిలబడి కొలవాలి. మొత్తం కొలిచేలోపు మబ్బు ఎండను మార్చేస్తుంది. మేము ముందు వేగంగా ఒకసారి మొత్తం చూసి, అనుమానం ఉన్న చోట్ల మాత్రం నిలబడి కొలుస్తాం.

ఏది కొలిచినా ముందు సెట్టు ఆపి కొలవాలి. లేకపోతే ఊళ్లోని గరగరనంతా పాపం ఇన్వర్టరు నెత్తిన వేస్తాం. ప్యానెల్‌కు స్విచ్చు ఉండదు, ఎండ ఉన్నంతసేపూ వోల్టేజీ ఉంటుంది. డీసీ ఐసొలేటరు తెరిచి, మందపాటి గుడ్డ కప్పాలి. మేము కప్పేది సోలాపూరీ చద్దరే, అంతకంటే మందమైనది మాకు దొరకలేదు! కప్పాక కూడా వట్టి చేత్తో వైరు ముట్టుకోవద్దు, కాస్త వెలుగు దూరినా వోల్టేజీ ఉంటుంది.

పెద్ద పరికరాలు లేనివాళ్లు ఇంట్లోనే ఒక సుళువు పరీక్ష చేసుకోవచ్చు. పాత ట్రాన్సిస్టరు రేడియో తీయండి. ఎఫ్‌ఎం కాదు, మీడియం వేవ్. ఎఫ్‌ఎం ఇలాంటి గరగరను చాలావరకు మింగేస్తుంది, అందుకే పాటలు బాగున్నాయని మోసపోతాం. ఏ స్టేషనూ లేని ఖాళీ చోట ముల్లు పెట్టండి. సెట్టు ఆపి వినండి, నడిపించి వినండి. తర్వాత ఇన్వర్టరు నుంచి అడుగు అడుగు వెనక్కి నడవండి. చప్పుడు పోయే చోట సుద్దముక్కతో గీత గీయండి. రేడియోను చేతిలో తిప్పితే చప్పుడు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, ఏ వైరు వైపు నుంచి వస్తోందో దాన్నిబట్టి తెలిసిపోతుంది. ఇది ల్యాబు రిపోర్టుతో సమానం కాదు. కానీ రెండు సెట్లు పక్కపక్కన పెట్టి ఏది మంచిదో తేల్చడానికి, సెట్టు పాతబడ్డాక గరగర పెరిగిందేమో చూడడానికి ఇది చాలు.

గరగర ఒకవైపే పోదు, వెనక్కీ వస్తుంది. సాంచా స్టార్టరు వేసినప్పుడు లేచే మెరుపు సోలార్ కంట్రోలరును కొడుతుంది. పాలిస్టరు నూలు రాపిడికి చలికాలంలో చెయ్యి చుర్రుమంటుంది కదా, అదీ కంట్రోలరు బటన్ల మీదుగా లోపలికి పోతుంది. వీటిని తట్టుకుంటుందా అని చూసే పరీక్షలు ఐఈసీ 61000 వరుసలో ఉన్నాయి. రిపోర్టులో అవి కూడా అడగాలి.

వైరింగు గురించి మన వైర్‌మన్ తమ్ముళ్లకు రెండు మాటలు. ప్లస్, మైనస్ వైర్లు ఎడంగా పోనివ్వకండి. పోగులకు పురి పెట్టినట్టు రెండింటినీ కలిపి పురి పెట్టండి, గరగర చాలామటుకు అక్కడే చస్తుంది. సిగ్నల్ వైరు డీసీ వైరు పక్కన పడుగులా పోకూడదు. దాటక తప్పకపోతే పేకలా అడ్డంగా దాటించండి. ఫెరైట్ రింగు వేస్తే రెండు వైర్లనూ ఒకే రింగులోంచి, ఇన్వర్టరుకు దగ్గరగా తీయండి. ఎర్త్ వైరు పొట్టిగా ఉండాలి. ట్రిప్పవుతోందని ఎర్త్ తీసేసే అలవాటు మన పేటలో ఉంది. ఫిల్టరు గరగరను పంపేది ఆ దారిలోనే. దారి మూసేస్తే అది మగ్గం మీదకే వస్తుంది. మనిషికి షాకు ప్రమాదం ఎటూ ఉంది.

ఒక్కొక్కరం ల్యాబుకు వెళ్తే ఖర్చు మోయలేం. ఇలాంటి పరీక్షలు చేసే ప్రభుత్వ సంస్థ సమీర్‌కు చెన్నైలో, ముంబైలో కేంద్రాలున్నాయి. సేలం వాళ్లకు ఒకటి దగ్గర, మాకు ఇంకొకటి దగ్గర. సమాఖ్య పేరు మీద ఒక్క సెట్టు, కండెల మోటారు తగిలించి, మన ఇళ్లలో ఉండేంత పొడుగు వైరుతో పరీక్ష చేయిద్దాం. అందులో పాసైన మోడల్‌కే ఆర్డరు ఇద్దాం. తర్వాత వచ్చే సరుకులో లోపలి భాగాలు మారిస్తే మళ్లీ పరీక్ష ఖర్చు వాళ్లదే అని ఆర్డరు కాగితంలో రాయిద్దాం. ఈ షరతు ముసాయిదా తెలుగులో, మరాఠీలో, కన్నడంలో రాసి కార్యదర్శి గారికి ఇచ్చాం. తమిళం, ఒడియా తెలిసినవాళ్లు భోజనాల్లోపు మమ్మల్ని కలిస్తే ఆ రెండూ పూర్తి చేద్దాం.

భోజనాలయ్యాక హాలు వెనక మిద్దె మీద రెండు సెట్లు నడుస్తుంటాయి. రేడియోలు మూడే ఉన్నాయి, అక్కలకు ముందు ఇస్తాం, కండెలు చుట్టేది వాళ్లే కదా. ఇంట్లో మీడియం వేవ్ రేడియో ఉన్న సోలాపూర్ వాళ్లు తెచ్చుకుంటే ఇంకా మంచిది. సెలవు.