కాల్పులకు ముందరి గంట

ఇది పౌరహక్కుల న్యాయవాది కె.జి. కన్నబిరాన్ గారి స్మారకోపన్యాసం. ఆయన జీవితం మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. అందుకని అందులోంచి ఒక్క ఘట్టం చెప్పి నా విషయంలోకి వస్తాను.

ఎమర్జెన్సీ ఎత్తేశాక, ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఎన్‌కౌంటర్లపై విచారణకు 1977లో జస్టిస్ వశిష్ఠ భార్గవ కమిషన్ వేశారు. బాధితుల వైపు నిలబడి వాదించింది కన్నబిరాన్. విచారణ బహిరంగంగా సాగితే ఇబ్బందేనని ప్రభుత్వానికి త్వరగానే అర్థమైంది. తలుపులు మూసి జరపాలని పట్టుబట్టింది. ఆయన ససేమిరా అన్నారు. కమిషన్ పని మధ్యలోనే ఆగిపోయింది. రహస్యంగా తేలే నిజం కంటే బయట సగంలో ఆగిన విచారణే నయమని ఆయన అనుకున్నారా? నాకైతే అలాగే అనిపిస్తుంది. దీన్ని తప్పుపట్టేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉంటారు.

ఇవాళ నేను మాట్లాడేది ఎన్‌కౌంటర్ల గురించి కాదు, అంతకంటే మామూలుగా కనిపించే సంగతి గురించి. జనం ఒకచోట కూర్చుంటారు. నినాదాలిస్తారు, పాటలు పాడతారు. ఏదో ఒక క్షణంలో వాళ్లని అక్కడినుంచి లేపెయ్యాలని ఎవరో ఒక అధికారి నిర్ణయిస్తాడు. ఆ నిర్ణయం ఎవరిది, ఎన్ని గంటలకు, ఏ సమాచారం మీద? అది రాసిన కాగితం ఎక్కడుంది? లాఠీల గురించీ తూటాల గురించీ మన దగ్గర కావలసినంత చరిత్ర పోగుపడింది. వాటికి ముందరి గంట గురించి మాత్రం దాదాపు ఏమీ లేదు. కమిషన్లు కూడా కాల్పులు సబబా కాదా అన్న దగ్గరే ఎక్కువ సిరా ఖర్చు పెట్టాయి.

జలియన్‌వాలా బాగ్ నుంచి మొదలుపెడతాను. 1919 ఏప్రిల్ 13 ఉదయం జనరల్ డయ్యర్ అమృత్‌సర్‌లో ఊరేగుతూ 19 చోట్ల చాటింపు వేయించాడు, గుంపులు కూడితే సైనిక బలంతో చెదరగొడతామని. సాయంత్రం జనం చేరిన తోటలో మాత్రం ఒక్క హెచ్చరికా చెయ్యలేదు. వచ్చాడు, సైనికుల్ని నిలబెట్టాడు, కాల్చమన్నాడు. 1,650 రౌండ్లు పేలాయి. ఈ లెక్క తూటా తూటాకీ సరిపోతుంది, ఎందుకంటే ఖర్చైన మందుగుండుకు సైన్యంలో జవాబు చెప్పాలి. చచ్చినవాళ్ల లెక్క ప్రభుత్వం ప్రకారం 379. ఆ అంకెను అప్పుడే చాలామంది నమ్మలేదు.

విచారణకు వేసిన హంటర్ కమిటీ ముందు డయ్యర్ ఏదీ దాచలేదు. కాల్చాలన్న నిర్ణయం తోటకు రాకముందే చేసుకున్నానన్నాడు. కాల్చకుండానే జనాన్ని పంపగలిగేవాణ్ణేమో గానీ, మళ్లీ వచ్చి నన్ను చూసి నవ్వేవాళ్లని కూడా చెప్పాడు. ఒక అధికారి మనసులోని ముందరి గంట అంత నగ్నంగా రికార్డుకెక్కడం అరుదు. అయితే ఆయన సాక్ష్యం చెప్పింది నవంబరులో. అంతకు ముందే, సెప్టెంబరులోనే, అధికారులకు రక్షణ కల్పించే ఇండెమ్నిటీ చట్టం పాసైపోయింది. మొదట రక్షణ, తర్వాత విచారణ. ఈ వరస అక్కడితో ఆగలేదు.

మన ఆంధ్రకేసరి ప్రకాశం పంతులు దగ్గరికి వద్దాం. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ బొంబాయిలో దిగిన రోజు మద్రాసులో హర్తాళ్ జరిగింది, పోలీసులు కాల్చారు. చనిపోయిన మనిషిని చూడ్డానికి వెళ్లబోయిన ప్రకాశం పంతులుకు తుపాకులు అడ్డం పెడితే, ఆయన చొక్కా విప్పి కాల్చుకోమన్నాడు. ఈ కథ తెలియని తెలుగు పిల్లవాడు లేడు. ఆ రోజు గుంపు మీద కాల్పులకు ఆజ్ఞ ఇచ్చింది ఎవరు, దానికి ముందు చెదిరిపొమ్మని ఎన్నిసార్లు చెప్పారు అని మనలో ఎవరైనా అడిగామా? మనం రొమ్ము గుర్తుపెట్టుకున్నాం, ఆజ్ఞను వదిలేశాం. వీరగాథలు రాసే జాతికి ఫైళ్లు చదివే ఓపిక కొంచెం తక్కువేమో.

ఇక్కడ చట్టం సంగతి కొంత చెప్పక తప్పదు, విసుగనుకోకండి. తెల్లవాళ్ల కాలపు కోడ్ నుంచి దిగివచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో రెండు వేర్వేరు అధికారాలుండేవి. ఒకటి అందరికీ తెలిసిన 144. గుమికూడకుండా ముందే నిషేధించడం. రెండోది 129. అయిదుగురో అంతకు మించో చేరి శాంతికి భంగం కలిగించేట్టున్న గుంపును చెదిరిపొమ్మనడం, పోకపోతే బలం వాడడం. 2024 జులై 1 నుంచి ఇవే భారతీయ నాగరిక సురక్షా సంహితలో 163గా, 148గా వచ్చాయి. నంబర్లు మారాయి, సరుకు అదే; అలవాటైన పాత నంబర్లతోనే చెబుతాను. 129 కింద ఆజ్ఞ ఇవ్వడానికి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు కావాలి, లేదా స్టేషన్ అధికారి, ఆయన లేకపోతే ఎస్‌ఐకి తగ్గని అధికారి. నోటిమాట చాలు. 144 ఉత్తర్వు మాత్రం రాతపూర్వకంగా ఉండాలి, అందులో కేసుకు సంబంధించిన ముఖ్య సంగతులు పేర్కొనాలి అని చట్టమే అంటోంది. రెండు నెలలు దాటి నిలవదు. రాష్ట్ర ప్రభుత్వం పొడిగిస్తే మరో ఆరు నెలలు. ఈ ‘ముఖ్య సంగతులు’ అన్న రెండు మాటలే ముందరి గంటలోకి మనకున్న కిటికీ. సాధారణంగా ఆ కిటికీకి ఏం అంటిస్తారో మీకు తెలుసు: శాంతిభద్రతలకు విఘాతం కలిగే అవకాశం ఉన్నదని విశ్వసనీయంగా తెలిసినందున. ఎవరికి తెలిసింది, ఎలా తెలిసింది అనేది ఉండదు.

ఆ గంట కాగితాల్లో కొంత దొరికే చోటు ఒకటుంది. 1952 సెప్టెంబరు 3, 4 తేదీల్లో హైదరాబాదులో, స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ ఆందోళన మీద సిటీ కాలేజీ దగ్గర జరిగిన కాల్పులపై జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డి విచారణ జరిపారు. ఆ నివేదిక తీసి చదవమని పరిశోధక విద్యార్థులకు ఎప్పుడూ చెబుతుంటాను. తీర్పు కోసం చదవనక్కర్లేదు. ఎవరు ఎక్కడున్నారు, ఎవరు ఎవరికి ఫోన్ చేశారు అన్న వివరాల కోసం చదవాలి.

ఇంద్రవెల్లి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. 1981 ఏప్రిల్ 20. ఆదిలాబాద్ జిల్లా. గిరిజన రైతు కూలీ సంఘం సభ. భూమి, అడవి, షావుకార్ల దోపిడీ గురించి మాట్లాడుకోవడానికి గోండులు చుట్టుపక్కల గూడేల నుంచి నడిచి వస్తున్నారు. సభకు మొదట అనుమతి ఇచ్చారు, తర్వాత రద్దు చేశారు. రద్దు సంగతి తెలియనివాళ్లు, తెలిసినా అప్పటికే దారిలో ఉన్నవాళ్లు వస్తూనే ఉన్నారు. సంత రోజు కూడాను. వచ్చే మనిషి సంతకొచ్చాడా సభకొచ్చాడా ఎవరు చెప్పాలి? చివరికి పోలీసులు కాల్చారు. ప్రభుత్వం లెక్కలో చనిపోయింది 13 మంది. పౌరహక్కుల సంఘాల లెక్క దానికి ఎన్నో రెట్లు. ఆ తర్వాత కట్టిన స్తూపాన్ని 1986లో పేల్చేశారు, మళ్లీ కట్టారు. ఏటా ఏప్రిల్ 20న చనిపోయినవాళ్లను తలుచుకోవడానికి వచ్చే బంధువుల మీద కూడా దశాబ్దాల పాటు నిషేధాజ్ఞలు పెట్టారు.

ఈ మొత్తం కథలో నాకు కావలసింది రెండు కాగితాలు. అనుమతి ఇచ్చినది ఒకటి, రద్దు చేసినది ఒకటి. రెండింటి మధ్య జిల్లా యంత్రాంగానికి కొత్తగా ఏం తెలిసింది? ఇచ్చినవాడే రద్దు చేశాడా, పైనుంచి ఎవరైనా చేయించారా? దాన్ని గూడేలకు చేర్చడానికి ఏం చేశారు, ఏ భాషలో చాటారు? గోండి మాట్లాడే మనిషికి తెలుగులో మైకు పట్టుకుని చెప్తే హెచ్చరించినట్టేనా? పదమూడా, అరవయ్యా అన్న వాదం నలభై ఏళ్లుగా నడుస్తోంది, నడవాల్సిందే. ఈ ప్రశ్నలు మాత్రం ఫైలు తెరవకుండా తేలేవి కావు.

2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల మీద చలో అసెంబ్లీ, కాల్పులు, ముగ్గురి మరణం మీలో కొందరికి కళ్లముందే జరిగాయి. ఆ ఊరేగింపు ఏ ఘడియ దాకా శాంతియుతం అన్న వాదం ఈ హాల్లోనే తేలదు. అందుకే దాన్ని పక్కనపెట్టి, ఎవరూ వాదించనక్కర్లేని రామ్‌లీలా మైదానానికి వెళదాం.

2011 జూన్ 4. ఢిల్లీలో బాబా రామ్‌దేవ్ నిరాహార దీక్ష. ఆయన రాజకీయాలు నాకు గిట్టవు, అది వేరే సంగతి. వేలమంది పందిరి కింద నిద్రపోతున్నారు. ఆ రాత్రే అనుమతి రద్దు చేశారు, ఆ రాత్రే 144 పెట్టారు, అర్ధరాత్రి దాటాక పోలీసులు లోపలికి వెళ్లారు. బాష్పవాయువు, లాఠీలు. గాయపడిన ఒక మహిళ తర్వాత చనిపోయింది. సుప్రీంకోర్టు తనంత తానే కేసు చేపట్టి 2012 ఫిబ్రవరి 23న తీర్పు చెప్పింది.

ఆ తీర్పులో నాకు విలువైనది నష్టపరిహారం కాదు. కోర్టు కాగితాలన్నీ బల్లమీద పెట్టించుకుని గడియారం చూసింది. పడుకున్న జనం వల్ల తెల్లారేదాకా ఆగలేనంత ప్రమాదం ఏమొచ్చిందని అడిగింది. సంతృప్తికరమైన జవాబు రాలేదు. గుంపును చెదరగొట్టేముందు బ్యానర్ చూపాలని, మైకులో పదేపదే చెప్పాలని ఢిల్లీ పోలీసుల సొంత స్టాండింగ్ ఆర్డరు 309లోనే ఉంది. అదేం పాటించారో చెప్పమంది. దీక్ష సాగిస్తే అక్కడినుంచి పంపెయ్యాలన్న నిర్ణయం గురించి హోంమంత్రి పత్రికలతో అన్న మాటలు కూడా చర్చకొచ్చాయి. అంటే ఉత్తర్వు మీద సంతకం ఏసీపీది, మరి నిర్ణయం ఎవరిది? నిర్వాహకులది కూడా కొంత తప్పుందని, పరిహారంలో 25 శాతం దీక్ష నిర్వహించిన ట్రస్టు భరించాలని కోర్టు చెప్పింది. ఈ భాగం మన మిత్రులు చాలామంది చెప్పకుండా దాటేస్తారు. దాటెయ్యకూడదు.

సుప్రీంకోర్టు అడిగితే ఫైళ్లొస్తాయి. మీరు, నేను అడిగితే?

1996లో రాజస్థాన్‌లోని బ్యావర్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు రోడ్డు మీద కూర్చుని అడిగింది పంచాయతీ లెక్కల నకళ్లు. ధర్నా చేసి కాగితాలు అడిగినవాళ్ల పోరాటం నుంచి పుట్టిన చట్టంతో ధర్నాను చెదరగొట్టిన కాగితాలు అడగడం న్యాయంగానే ఉంది. 2005 అక్టోబర్ 12 నుంచి అమల్లో ఉన్న సమాచార హక్కు చట్టంలో సెక్షన్ 4(1)(డి) ఒకటుంది. పరిపాలనా నిర్ణయానికి కారణాలు ఆ నిర్ణయం వల్ల ప్రభావితులైనవాళ్లకు చెప్పాలి. దీన్ని వాడేవాళ్లు తక్కువ.

నేను ఒకసారి ఒక నగర పోలీసు కార్యాలయానికి దరఖాస్తు పెట్టాను, ఒక ధర్నాను ఎత్తేసిన నిర్ణయానికి సంబంధించిన సమాచారమంతా ఇమ్మని. వచ్చిన జవాబు ఒకే పేజీ. పైన నా పేరు, చిరునామా, కింద రబ్బరు స్టాంపు. నడుమ ఒకే వాక్యం: విషయం దర్యాప్తులో ఉన్నందున సెక్షన్ 8(1)(హెచ్) ప్రకారం ఇవ్వడం వీలుపడదు. ఏ కేసు, ఏ ఎఫ్‌ఐఆర్ నంబరు, ఇస్తే దర్యాప్తుకు ఏ విధంగా అడ్డు, అన్నవి లేవు. దర్యాప్తు నడుస్తోందన్న ఒక్క కారణం చాలదు, అది ఎలా దెబ్బతింటుందో చెప్పాలి అని ఢిల్లీ హైకోర్టు 2007లోనే తేల్చింది. నిరాకరణ సరైనదేనని నిరూపించే భారం కూడా సెక్షన్ 19(5) ప్రకారం అధికారిదే. ‘సమాచారమంతా’ అని అడిగితే మాత్రం ఇలాంటి వాక్యం రాయడం తేలిక.

వస్తువుల్ని పేరుపెట్టి అడగాలి. ఆ రోజు స్టేషన్ జనరల్ డైరీ నకలు. కంట్రోల్ రూమ్ వైర్‌లెస్ లాగ్‌బుక్‌లో ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా. బందోబస్తు ప్లాన్. అనుమతి కోరుతూ నిర్వాహకులిచ్చిన అర్జీ, దానిమీద అధికారుల నోట్లు. 144 ఉత్తర్వు, దాన్ని ఎక్కడెక్కడ అంటించారన్న రుజువు. ఖర్చైన బాష్పవాయువు గుండ్ల రిజిస్టరు. డయ్యర్ కాలం నుంచీ చూస్తున్నాం, మందుగుండు లెక్కే అన్నిటికంటే నిక్కచ్చిగా ఉంటుంది. వేగుల పేర్లు ఇవ్వక్కర్లేదు, 8(1)(జి) కింద అది సబబైన మినహాయింపే. సెక్షన్ 10 ప్రకారం ఆ పేర్లు కొట్టేసి మిగతాది ఇవ్వొచ్చు. నిఘా విభాగాలకు 24(4) కింద మినహాయింపు ఉన్నా మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణ ఉంటే సమాచార కమిషన్ అనుమతితో 45 రోజుల్లో ఇవ్వాలి. ఖర్చంటారా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పెట్టిన నిబంధనల్లో గ్రామస్థాయిలో ఉచితం, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10.

2020 జనవరి 10న కశ్మీర్‌కు సంబంధించిన అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు ఇంకొక మెట్టు ఎక్కింది. 144 ఉత్తర్వుల్ని ప్రకటించాలి, జనం వాటిని కోర్టులో ప్రశ్నించగలిగేలా ఉండాలి, ఒకదాని వెంట ఒకటి అదేపనిగా జారీ చెయ్యడం అధికార దుర్వినియోగం అని చెప్పింది. హైదరాబాదులో ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌక్‌ను 2017లో మూసేసినప్పుడు ఈ తీర్పు చేతిలో ఉంటే ఎలా ఉండేదో అనిపిస్తుంది.

పాతవాటి సంగతికొస్తాను. సెక్షన్ 8(3) ప్రకారం ఇరవయ్యేళ్లు దాటిన సంఘటనలకు దేశ భద్రత, శాసనసభ హక్కులు, మంత్రివర్గ పత్రాలు అన్న మూడు మినహాయింపులు తప్ప మిగతావి వర్తించవు. దర్యాప్తు అన్న సాకు పోతుంది. 2020 ఆగస్టుతో బషీర్‌బాగ్ ఆ గడప దాటింది. ఇంద్రవెల్లికి సమాచార హక్కు చట్టం వచ్చేనాటికే ఇరవైనాలుగేళ్లు. మీలో ఆదిలాబాద్ మిత్రులున్నారు. కలెక్టరు కార్యాలయానికి ఒకటి, ఎస్పీ కార్యాలయానికి ఒకటి, అనుమతి ఉత్తర్వు, రద్దు ఉత్తర్వు అడగండి. ఫైలు ధ్వంసం చేశామంటే ఏ తేదీన, ఏ నిబంధన కింద, ఎవరి సంతకంతో ధ్వంసం చేశారో ఆ రిజిస్టరు నకలు అడగండి. అది కూడా రికార్డే.

కొత్తవాటికి ఇరవయ్యేళ్లు ఆగలేం. కాగితమైతే బీరువాలో పడుంటుంది. కెమెరా దృశ్యం మీద కొద్ది వారాల్లోనే కొత్త దృశ్యం వచ్చి పడిపోతుంది. సమాచార అధికారికి జవాబివ్వడానికి చట్టమే 30 రోజులిచ్చింది, మొదటి అప్పీలుకు మరో నెల. స్టేషన్లలోని కెమెరాల రికార్డింగు ఏడాదిన్నర, కనీసం ఏడాది ఉంచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది గానీ, అది స్టేషన్ గోడల లోపలికి. రోడ్డు మీద కెమెరాలకు ఆ రక్షణ లేదు. కాబట్టి ధర్నాను ఎత్తేసిన మర్నాడే, దరఖాస్తు కంటే ముందు, కమిషనరుకో ఎస్పీకో స్పీడ్ పోస్టులో ఒక లేఖ వెళ్లాలి: ఫలానా తేదీన, ఫలానా కూడలిలో, ఫలానా గంటల మధ్య దృశ్యాలు, వైర్‌లెస్ రికార్డింగులు చెరిపెయ్యకుండా భద్రపరచండి అని. రసీదు దాచుకోండి. దరఖాస్తు ఆ తర్వాత రాసుకోవచ్చు.