చివరి బెంచీకి వినపడాలి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

సదస్సుల్లో పరిశోధనా పత్రం ఎలా సమర్పించాలో చెప్పమన్నారు. నేను నేలల మీద పనిచేసేవాణ్ణి. నాకు జరిగింది చెబుతాను.

మొదటి సదస్సులో నాకిచ్చింది 15 నిమిషాలు. 12 మాట్లాడటానికి, 3 ప్రశ్నలకు. నేను పట్టుకెళ్లింది 34 స్లైడ్లు. సున్నపు నేలల్లో ఇనుము ఉన్నా వేరుశనగకు అందక లేతాకులు పాలిపోతాయి. దాని మీదే నా పని. పాత పరిశోధనలన్నీ ఏకరువు పెట్టేసరికి గంట మోగింది. నా ఫలితం చెప్పకుండానే దిగిపోయాను.

ఆ రాత్రి మన తెలుగు మాస్టారు గుర్తొచ్చారు. వక్తృత్వ పోటీకి ముందు ఆయన చివరి బెంచీలో కూర్చుని, "ఇక్కడికి వినపడలేదురా, మళ్లీ చెప్పు" అనేవారు. గొంతు పెంచమంటున్నారనే అనుకునేవాణ్ణి. అర్థం కూడా అక్కడిదాకా చేరాలని అప్పుడు తెలిసింది.

అప్పటినుంచి ముందుగా ఫలితాన్ని ఒక్క వాక్యంలో రాసుకుంటాను. మా అమ్మకు అర్థం కాకపోతే తిరగరాస్తాను. నిమిషానికి ఒక స్లైడు మించనివ్వను. చివరి వరసకు కనపడని పట్టిక తీసేస్తాను. గడియారం ఎదురుగా పెట్టుకుని మూడుసార్లు పైకి చెప్పుకుంటాను. మనసులో చదువుకుంటే ఎంతసేపు పడుతుందో తేలదు.

తర్వాతి సదస్సులో 11 నిమిషాల్లో ముగించాను. ఒక పెద్దాయన లేచి, "ఆ పొలాలకు పారేది బోరు నీళ్లా, చెరువు నీళ్లా?" అని అడిగారు. "చూడలేదండీ" అన్నాను. సిగ్గేసింది. అయినా టీ దగ్గర ఆయన్ని వదల్లేదు. నీళ్లలో బైకార్బనేట్ ఎక్కువైతే మొక్కకు ఇనుము అందడం ఇంకా కష్టమవుతుందని ఓపిగ్గా చెప్పారు. తిరిగొచ్చి బోర్ల నీళ్లు పరీక్ష చేయించాం. తర్వాత రెండేళ్ల నా పని ఆ ప్రశ్నలోంచే పుట్టింది. మళ్లీ 34 స్లైడ్లు చూపించి ఉంటే, ఆయనకు అడిగే వ్యవధే ఉండేది కాదు.

సదస్సుకు వెళ్లే పిల్లలూ, జేబులో చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. మిమ్మల్ని అడిగిన ప్రతి ప్రశ్నా ఆ రాత్రే రాసుకోండి. తెలియనిది తెలియదనండి. జవాబు దొరికాక అడిగినవారికి ఉత్తరం రాయండి.

మాస్టారు ఇవాళ ముందు వరసలో ఉన్నారు. మాస్టారూ, ఈసారి వెనక్కి కూడా వినపడిందనుకుంటాను. సెలవు.