‘పునరుద్ధరణ’ అనే మాట గురించి

 

మన సంఘం పేరులో ‘పునరుద్ధరణ’ అనే మాట ఉన్నది. రసీదు పుస్తకాల మీద, బ్యానర్ల మీద ఇన్నేళ్లుగా అచ్చు వేయించుకుంటున్నామే గాని, దాని అర్థం గురించి కూర్చుని ఆలోచించింది లేదు. ఒక ఆదివారం వందన ముగిసిన తరువాత ఒక వృద్ధ ఉపాసిక మమ్మల్ని ఇలా అడిగారు: “ధమ్మం చచ్చిపోయిందా నాయనా, మీరు బతికించడానికి?” ఆనాడు బదులు చెప్పలేకపోయాము.

ఈ భావానికి తెలుగులో మాటల కరువు లేదు. శిథిలమైన గుడిని బాగుచేస్తే జీర్ణోద్ధరణ. ఆగిన పని మళ్లీ సాగితే పునఃప్రారంభం. ప్రాణం పోయినది లేస్తే పునరుజ్జీవనం. ‘పునర్జన్మ’ అందామంటే, ఆత్మ లేదని చెప్పిన ధమ్మానికి ఆ మాట చిక్కు తెచ్చిపెడుతుంది. అచ్చ తెలుగులోనైతే మోడు చిగురించింది అంటాము. మాకు అన్నింటికంటె అదే ఇష్టం. కాని సంఘానికి పేరుగా పెట్టుకోవడానికి ఒదగదు.

ఇక ‘ఉద్ధరణ’ అంటే పైకెత్తడం. ఎత్తేవాడు పైన ఉంటాడు, ఎత్తబడేవాడు కింద ఉంటాడు. ‘హరిజనోద్ధరణ’ అనే మాటను మన తాతలు ఎన్ని సభలలో, ఎంత వెనుక వరుసలో నిలబడి విన్నారో మనకు తెలుసు. వాడుకలో ‘ఉద్ధరించావులే’ అంటే వెక్కిరింపు కావడం ఊరికే జరగలేదేమో!

రాళ్లకైతే ఈ మాట సరిపోతుంది. 1926లో నాగార్జునకొండ శిథిలాలు వెలుగు చూశాయి. లోయ జలాశయంలో మునగనున్నదని 1954 నుంచి 1960 వరకు విస్తారంగా తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికి, అనుపుకు తరలించి తిరిగి నిలబెట్టారు. అది గొప్ప పని, సందేహం లేదు. అయితే మనం పడవలో వెళ్లి, మ్యూజియం చూసి, ఫోటో దిగి, చివరి పడవకు తిరిగి వస్తున్నాము.

మనుషుల సంగతి వేరు. సింహళంలో ఉపసంపద పరంపర తెగిపోయినప్పుడు వెలివిట సరణంకరుల కృషి ఫలించి, 1753లో సయాం దేశం నుంచి ఉపాలి మహాథేరులు కాండీకి వచ్చి దానిని తిరిగి నెలకొల్పారు. ఆరిపోయిన దీపాన్ని పొరుగింటి దీపంతో వెలిగించుకున్నట్లయింది. కాని అనతికాలంలోనే ఆ సియం నికాయం గోవిగామ కులస్థులకు తప్ప ఇతరులకు ఉపసంపద నిరాకరించింది. తక్కిన కులాల వారు సముద్రం దాటి బర్మా వెళ్లి ఉపసంపద పొంది, 1803లో అమరపుర నికాయాన్ని స్థాపించవలసి వచ్చింది. ధమ్మం లేచింది, దాని పక్కనే కులమూ లేచి కూర్చున్నది. ఏది లేస్తున్నదో చూసుకోకుండా లేపేవారికి ఇది జరుగుతుంది.

సంయుత్త నికాయంలోని నగర సుత్తం మనలో చాలామంది విన్నదే. అడవిలో తిరిగే ఒక మనిషికి పూర్వులు నడిచిన పాతబాట కనబడుతుంది. దాని వెంట వెళితే ప్రాచీన నగరం ఎదురవుతుంది. అతడు ఆ సంగతి రాజుకు విన్నవిస్తాడు, రాజు నగరాన్ని తిరిగి నిర్మింపజేస్తాడు. అష్టాంగమార్గం అటువంటి పాతబాట అని తథాగతుడే చెప్పాడు. తాను కొత్తగా సృష్టించానని గాని, చచ్చినదాన్ని బతికించానని గాని ఆయన అనలేదు. ఇంకొక సంగతి గమనించాలి: ఆ కథ గోడలు లేవడంతో ముగియదు, నగరం జనంతో నిండడంతో ముగుస్తుంది.

1956 అక్టోబరు 14న నాగపూరులో జరిగినదానికి వాడుకైన పేరు ధమ్మచక్ర ప్రవర్తన. ప్రవర్తన అంటే కదిలించి నడిపించడం. చక్రం ఆగవచ్చు, చావదు. బాబాసాహెబ్ తాము చంద్రమణి మహాస్థవిరుల వద్ద త్రిశరణ, పంచశీలాలు స్వీకరించి, తరువాత అక్కడ చేరిన లక్షల మందికి తామే దీక్ష ఇచ్చి, ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేయించారు. ఆ మైదానంలో ఎవరూ ఎవరినీ ఉద్ధరించలేదు; తమ నోటితో తామే పలికారు.

సంఘం పేరు మార్చుదామని మేము తీర్మానం పెట్టడం లేదు. రిజిస్ట్రేషన్ కాగితాలలో పేరు మార్చడం ఎంత పనో మన కార్యదర్శిగారికి తెలుసు. అడుగుతున్నది ఒక్కటే. మన పిల్లలు త్రిశరణాలను పాళీలో తడుముకోకుండా చెబుతారు. అర్థం అడిగితే పెద్దల ముఖం చూస్తారు, పెద్దలు మా ముఖం చూస్తారు. వచ్చే ఆషాఢ పౌర్ణమి నుంచి ఆదివారం వందనలో పాళీ తరువాత తెలుగులోనూ చెప్పుకుందాము. మొదట చెప్పించవలసిందిగా ఆ ఉపాసికనే కోరాము. తనకు చదువు రాదన్నారు. అయినా వస్తానన్నారు.